దిగని విమానం

"దినేశ్‌కి ఫోన్ చేసి ఎముక అడిగారా మీరు?"

కనకలక్ష్మి వంటింటి గుమ్మం దాటి రాలేదు. అక్కడే నిలబడి అడిగింది. రెండు చేతులకీ జంతికల పిండి అంటుకుని ఉంది.

సీతారామయ్య చదువుతున్న పేపరు మడిచాడు. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడాయన. ఏ ప్రశ్నకైనా కాసేపు ఆగి జవాబు చెప్పడం అలవాటు.

"ఎముక కాదు, పన్ను. ఒక్క పన్ను చాలన్నారు ల్యాబువాళ్ళు."

"అడిగారా, లేదా?"

"అడిగాను."

"ఎవరి పన్ను అడిగారు? ఎవరి కొడుకుది?"

"అది తెలుసుకుందామనే కదా కనకం."

డైనింగ్ టేబుల్ దగ్గర కోడలు ఉదయశ్రీ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి గానీ గచ్చిబౌలి ఆఫీసులో జరుగుతున్న మీటింగు ఒక్క ముక్కా ఆమెకి ఎక్కడం లేదు. అత్తగారి గొంతు అలా సన్నబడితే ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా భోజనం చేయరని ఆమెకి తెలుసు.

కేపీహెచ్‌బీలోని ఆ ఫ్లాటులో ఈ గొడవ కొన్నాళ్ళుగా నలుగుతోంది. మదీనాగూడలో ఎల్లేశం వాళ్ళ మెట్టచేను మీదుగా లింకు రోడ్డు పడుతోంది. ఆ చెలక మూలన ఉన్న సమాధిని రేపు పొద్దున తవ్వి, ఊరి శ్మశానానికి మార్చబోతున్నారు. అందులో ఉన్నది తమ పెద్దకొడుకు, దినేశ్ అన్న సంతోష్ అని ఎల్లేశం ఇంటివాళ్ళ నమ్మకం. తమ కొడుకు శ్యామ్ అయ్యుండొచ్చని ఈ ఇంటి ఆశ. పదకొండేళ్ళ కిందట ఆ ఇద్దరూ ఒకే విమానం ఎక్కారు. వాళ్ళలో ఆ మట్టి కింద ఉన్నది ఎవరో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

"తవ్వడం ఎలాగూ తవ్వుతున్నారు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు," అన్నాడు సీతారామయ్య. "ఆ పన్నూ నా రక్తమూ పోల్చి చూస్తే చాలట."

"చూశాక?"

"వాడే అయితే తెచ్చుకుందాం. గోదావరిలో కలిపి వద్దాం."

"కాకపోతే?"

ఆయన మడిచిన పేపరుకి ఇంకో మడత పెట్టాడు.

"కాకపోతే నాకు వాడు ఎక్కడా లేనట్టే. నెలకోసారి వెళ్ళి కూర్చోడానికి నాకున్నది ఆ రెండు గజాల నేల. మీరు అది కూడా లాగేస్తారు. వాడే అయితే భాగ్యమ్మ దగ్గర లాగేస్తారు. ఎటు తేలినా ఒక తల్లి ఒడి ఖాళీ. ఈ మాత్రం లెక్క రాదా మీకు, ఇంజనీరు గారూ?"

"నాకు వచ్చిన లెక్క నేను చెప్పనా?" సీతారామయ్య గొంతు పెంచలేదు. "శవం దొరకలేదని పురోహితుడు దర్భలతో మనిషి బొమ్మ కట్టించాడు. దానికి శ్యామ్ అని పేరు చెప్పించి నా చేత నిప్పు పెట్టించాడు. ఎంతసేపు కాలిందనుకున్నావు? నేను చుట్టూ తిరిగి వచ్చేలోపే బూడిదైంది. ఆరడుగుల మనిషి వాడు. వాడికి నేను కట్టెలు కూడా పేర్చలేదు కనకం."

వంటింట్లో నూనె మాడిన వాసన వచ్చింది. కనకలక్ష్మి కదల్లేదు. ఉదయశ్రీయే లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు మామగారు. "వాడు నీక్కూడా ఏదో అవుతాడు కదా."

"మీటింగులో ఉన్నాను మావయ్య గారూ."

అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. మీటింగు ఎప్పుడో అయిపోయి తెర నల్లబడి ఉంది.

*

శ్యామ్ ఆఫీసు పని మీద బొంబాయి వెళ్ళి నెల రోజులయింది అప్పటికి. పెళ్ళయ్యాక అతనూ ఉదయశ్రీ అంతకాలం విడిగా ఉండటం అదే మొదటిసారి. మే నెల చివరి రోజులు. విమానం ఎక్కి కూర్చుని ఫోన్ చేశాడు.

"ఇక్కడ చెమటతో చస్తున్నాం. అక్కడెలా ఉంది?"

"మబ్బు పట్టింది. చల్లగాలి వేస్తోంది."

"అయితే నేను వచ్చేదాకా ఆ గాలి పోకుండా పట్టుకో," అని నవ్వాడు. అంతలో ఎవరో ఫోన్లు ఆపెయ్యమంటున్న మాట వినిపించింది. "సరే, వచ్చేస్తున్నా," అన్నాడు.

ఉదయశ్రీ శంషాబాద్ విమానాశ్రయం చేరేసరికి ఆకాశం ఇంకో రంగులోకి మారిపోయింది. పగలే దీపాలు వెలిగాయి. అద్దాల మీద వడగళ్ళు గులకరాళ్ళలా పడ్డాయి. ఉరిమినప్పుడల్లా కాళ్ళ కింద నేల అదిరింది. ఎదురుచూసేవాళ్ళంతా తెర మీద రాతల కింద గుంపుకట్టారు.

పక్కన ఒకావిడ స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. ఉదయశ్రీ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"గా తెర మీద ఏం రాసిండ్రు బిడ్డా? నాకు చదువు రాదు. మా పిల్లగాడు దుబాయి నుంచి బొంబాయి మీదికెల్లి వస్తుండు."

"లేటు అని రాశారండీ. మా ఆయనా అదే విమానంలో వస్తున్నారు."

కాసేపాగి ఆవిడ మళ్ళీ అడిగింది. ఉదయశ్రీ మళ్ళీ లేటనే చెప్పింది. ఇంకోసారి అడిగేసరికి తెర మీద ఆ వరుసే లేదు. పైనా కిందా వేరే ఊళ్ళ పేర్లు ఉన్నాయి. మధ్యలో ఆ విమానం లేదు. ఎల్లేశం భార్య భాగ్యమ్మను ఉదయశ్రీ చూడటం అదే మొదలు.

తర్వాత అన్నీ ముక్కలుముక్కలుగా తెలిశాయి. విమానం ఒకసారి దిగబోయిందట. ముందు ఏమీ కనపడక పైలట్ మళ్ళీ పైకి లేపాడట. మబ్బుల్లోనే తిరిగి తిరిగి రెండోసారి దిగబోయింది. ఉరుముల మబ్బు కింద గాలి ఒక్కసారిగా విమానాన్ని కిందికి తొక్కేసిందని విచారణ జరిపినవాళ్ళు రాశారు. రన్‌వేకి ఇవతలే, రాళ్ళగుట్ట మీద పడింది. అంత వానలోనూ మంట ఆరలేదు. వెనక సీట్లలోంచి కొద్దిమంది బతికి బయటపడ్డారు. ఉరిమిన తర్వాత లోపల ఎవరూ అరవలేదని, మెరుపు మెరిసినప్పుడల్లా అందరి ముఖాలూ తెల్లగా కనిపించాయని వాళ్ళలో ఒకామె చెప్పింది.

ఆసుపత్రిలో నిప్పు మిగిల్చిన వాటికి ముఖాలు లేవు. ఎత్తూ లావూ చూసి, కాలగా మిగిలిన గుడ్డపీలిక చూసి ఎవరివాళ్ళను వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోయారు. మొదట్లో ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఆలస్యంగా రక్తపరీక్షలు మొదలయ్యాయి. అప్పుడు ఒక శవం ఎవరి రక్తానికీ కలవలేదు. శ్యామ్ మాత్రం ఎక్కడా లేడు. అంటే శ్యామ్‌ను ఎవరో తమవాడనుకుని తీసుకుపోయి, తమవాడిని అక్కడే వదిలేశారన్నమాట. అప్పటికే చాలామంది దహనాలు చేసి అస్థికలు నీళ్ళలో కలిపేశారు. మట్టిలో పెట్టింది ఎల్లేశం ఒక్కడే. అధికారులు వెళ్ళి రక్తం ఇమ్మంటే, "నా కొడుకును మళ్ళొకసారి సంపుతరా?" అని తలుపు వేసుకున్నాడు. ఎవరికీ కలవని ఆ శవాన్ని విమానం పడిన గుట్ట కిందే ప్రభుత్వం పూడ్చి, పేరులేని రాయి పాతింది.

ఏడాది తిరిగాక కనకలక్ష్మి ఒంటరిగా మదీనాగూడ వెళ్ళింది. గట్టు దాటే ధైర్యం లేక ఎండలో నిలబడిపోయింది. భాగ్యమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"గాడ నిలబడ్డవేందక్కా, లోపలికి రా. నీ కొడుకైనా నా కొడుకైనా కూసునే జాగ ఒక్కటే."

అప్పట్నుంచీ ప్రతి నెలా ఆ ఇద్దరూ ఒకే సమాధి పక్కన కూర్చున్నారు. ఉదయశ్రీ ఎన్నడూ వెళ్ళలేదు.

విమానం దిగకుండా మబ్బుల్లో తిరిగిందని విన్ననాటి నుంచీ ఆమె మనసులో అది తిరుగుతూనే ఉంది. పుట్టింటివాళ్ళు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా నోరు విప్పకుండా లేచి వచ్చేసేది. పోయినవాడి భార్యకి పెళ్ళి చేయవచ్చు. ఇంకా రావలసినవాడి భార్యకి ఎలా చేస్తారు?

*

సాయంత్రం కనకలక్ష్మి చీర మార్చుకుని బయల్దేరుతుంటే ఉదయశ్రీ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికి?"

"మీతోనే అత్తయ్యా."

కనకలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. జంతికల సంచి ఆమె చేతికిచ్చి తాళాలు వెతుక్కుంది.

మియాపూర్ దాటాక ఆటో ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచింది. ముంబై హైవే మీద బట్టల షోరూముల దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక షాపింగ్ మాల్ వెనక సందులోకి తిరిగితే, అపార్ట్‌మెంట్ల మధ్య రేకుల వరండాతో ఎల్లేశం ఇల్లు. రెండో కొడుకు దినేశ్ ఆఫీసులవాళ్ళను తిప్పే తన కారు కడుగుతున్నాడు. ఉదయశ్రీని చూసి పైపు కింద పడేశాడు.

"రా వదినా," అన్నాడు.

ఆ మాటకి ఉదయశ్రీ అడుగు తడబడింది. ఆ మాట ఏ అన్న తరఫున అన్నాడో అతనికీ తెలియదు.

ఎల్లేశం వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పలకరింపు లేదు.

"సారు పన్ను అడిగిండట," అన్నాడు కనకలక్ష్మితో. "దినేశ్ జెప్పిండు."

"అడిగారు. నాకిష్టం లేదు అన్నయ్యా. అది చెబుదామనే వచ్చాను."

"నీకిష్టం లేకుంటే ఆయన ఆగుతడా?"

"ఆగరు."

"ఇగ నాకెందుకు జెప్తున్నవు?" ఎల్లేశం లేచాడు. "దవాఖానల నేను చూసినమ్మా. మొకం లేదు, జుట్టు లేదు. చెయ్యి పట్టుకున్న. చిన్నప్పుడు చెలకల నడుస్తుంటె పట్టుకున్న చెయ్యి గది. నాకు ఎర్కైంది. గిప్పుడు ఎవడో కాయితం మీద నీ కొడుకు కాదని రాస్తే, నేనేం పట్టుకున్నట్టు?"

"నాయినా," అన్నాడు దినేశ్ నెమ్మదిగా. "పరీక్ష జేస్తే అన్ననే అని తేలొచ్చు గద. అంత గట్టిగ ఎర్కైనోనివి, ఎందుకు భయపడుతున్నవు?"

ఎల్లేశం కొడుకు వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. చెంప మీద ఎవరో కొట్టినట్టు ఆగిపోయాడు. వాళ్ళను దాటుకుని ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు.

కడగడం సగంలో ఆగిన కారు మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

లోపల్నుంచి భాగ్యమ్మ వచ్చింది. అంతా విన్న మనిషిలాగే ఉంది. కనకలక్ష్మి పక్కన కూర్చోకుండా వచ్చి ఉదయశ్రీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"గిన్నేండ్లు రాకపోతివి బిడ్డా. ఎందుకు?"

ఉదయశ్రీ సంచి హ్యాండిల్ వేలికి చుట్టుకుంది. "వస్తే, ఆయన లేరని నేనే ఒప్పుకున్నట్టవుతుందని."

"ఒప్పుకోకుంటే నిద్ర పడుతున్నదా?"

"లేదండీ."

"మాకు ఒప్పుకున్నా పడతలేదు," అంది భాగ్యమ్మ. కనకలక్ష్మి వైపు తిరిగింది. "అక్కా, నువ్వూ నేనూ మంచిగనే సర్దుకున్నం. నీకు నీ కొడుకున్నడు, నాకు నా కొడుకున్నడు. గీ పిల్లకే మొగడు బతికీ లేడు, సచ్చీ లేడు. మనిద్దరం కలిసి గీమెను నడుమల నిలబెట్టినం."

"భాగ్యం, వాడు కాదని తేలితే నేను..."

"నీ కొడుకు కాకుంటే నా కొడుకే గద. నువ్వొచ్చి కూసుంటె వద్దంటనా?"

"వాడే అయితే?"

భాగ్యమ్మ చెలక ఉన్న దిక్కు చూసింది. "ఆ రోజుది ఆ రోజు చూసుకుందాం," అంది చివరికి. "రేపు సారును రమ్మను. పన్ను తీసుకొమ్మను. గని జవాబు నాకు జెప్పొద్దు, నీకూ జెప్పొద్దు. గీ పిల్లకే జెప్పాలె. మాకు ఎప్పుడు జెప్తదో, ఎట్ల జెప్తదో, గామె ఇష్టం."

"నేనెలా మొయ్యగలనండీ?" అంది ఉదయశ్రీ.

"గిన్నేండ్లు మోసినవు. జర ఇంకింత మొయ్యి."

*

పొద్దున్నే తవ్వకం మొదలైంది. రోడ్డు కోసం వేసిన సున్నం గీత చెలక మధ్య నుంచి తెల్లగా సాగిపోతోంది. అవతల కొత్త టవర్ల అద్దాల మీద ఎండ పడి కళ్ళల్లోకి కొడుతోంది.

ఎల్లేశం రాడనుకున్నారు. వచ్చాడు. కొంత లోతు తవ్వాక కూలీలను పైకి రమ్మని, తానే గుంతలోకి దిగాడు. దినేశ్ వద్దన్నా వినలేదు.

ఒక్కొక్క ఎముకా చేత్తో మట్టి దులిపి పైకి అందించాడు. భాగ్యమ్మ పసుపునీళ్ళతో కడిగింది. కనకలక్ష్మి కొత్త గుడ్డతో తడి ఒత్తి పక్కన పేర్చింది. పసిబిడ్డకి నీళ్ళుపోసేటప్పుడు ఇద్దరాడవాళ్ళు ఎలా సర్దుకుంటారో అలా, మాట లేకుండా చేశారా పని.

పన్ను కావాలని పట్టుబట్టిన సీతారామయ్య దూరంగా నిలబడ్డాడు. పుర్రె బయటికి వచ్చినప్పుడు వెనక్కి తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదలడం ఉదయశ్రీ చూసింది.

ఆమె మాత్రం అన్నీ చూసింది. చూడగానే తెలిసిపోతుందని దారి పొడవునా అనుకుంది. ఏడాదిన్నర కాపురం చేసిన మనిషి. ఆ చేతులు తన జడ అల్లాయి, ఆ కాళ్ళకి తను తైలం రాసింది. ఏమీ తెలియలేదు. ఆ ఎముకలు ఎవరివైనా కావచ్చు. తనకి తెలియకపోవడమే ఆమెకి అన్నిటికంటే పెద్ద దుఃఖమైంది.

ల్యాబు నుంచి వచ్చిన నీహారిక అనే అమ్మాయి చేతులకి గ్లవ్స్ వేసుకుని, దణ్ణం పెట్టి, ఒక పన్ను తీసుకుంది.

ఎల్లేశం పైకి వచ్చి చేతులు కడుక్కున్నాడు. సీతారామయ్య ఉన్న చోటికి నడిచాడు. ఇద్దరు తండ్రులూ ఇన్నేళ్ళలో ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు.

"మీ పోరడు ఏం జదివిండు సార్?"

"సివిల్ చదివి కంప్యూటర్లలో చేరాడండీ. నాలాగే వంతెనలు కడతాడనుకున్నాను." సీతారామయ్య గొంతు సవరించుకున్నాడు. "మీ అబ్బాయో?"

"ఏసీలు బాగుజేసెటోడు. దుబాయిల పెద్ద పెద్ద బిల్డింగులకు. ఇంట్ల మాకు ఫ్యాను గూడ లేదు గప్పుడు." నవ్వబోయాడు. "వచ్చినంక పెడతా నాయినా అన్నడు."

ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ నిలబడ్డారు.

ఆ పూటే ఎముకలను ఊరి శ్మశానంలో కొత్తగా తవ్విన చోట పెట్టారు. మొదటి పిడికెడు మట్టి ఎవరు వేయాలన్న దగ్గర అందరూ ఆగిపోయారు. ఎల్లేశం సీతారామయ్య చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళాడు.

*

వానలు మొదలయ్యాయి. ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తడం లేదు. ఫోన్ మోగినప్పుడు మాత్రం సీతారామయ్య పేపరు దించి కోడలి వైపు చూసేవాడు. కనకలక్ష్మి చూడకుండా ఉండటానికి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

గచ్చిబౌలి ఆఫీసులో ఉదయశ్రీ ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. ఆ రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మి, ఎదుటి భవనాలు ఒక్కొక్కటే కనిపించకుండా పోతున్నాయి. నీహారిక నంబరు వెలిగింది.

ఆమె ఫోన్ పట్టుకుని మెట్లవైపు వెళ్ళింది.

"రిపోర్టు వచ్చింది మేడమ్. మెయిల్ పెట్టే ముందు చెబుదామని." ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "సీతారామయ్య గారి అబ్బాయే మేడమ్. సందేహం లేదు."

"శ్యామ్," అంది ఉదయశ్రీ.

"అవును మేడమ్. శ్యామ్ గారే."

ఆమె మెట్టు మీద కూర్చుంది. బయట ఉరిమింది. ఆ ఉరుముకి ఇన్నేళ్ళూ ఆమె ఒళ్ళు బిగుసుకునేది. ఇవాళ బిగుసుకోలేదు. కొంగుతో నోరు మూసుకుని, మోకాళ్ళ మీద తల వాల్చి, పెళ్ళైన కొత్తలో ఊరెళ్ళిన మొగుడి కోసం ఏడ్చే పిల్లలాగా ఏడ్చింది. ఎవరో పై నుంచి దిగబోయి, చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయారు.

ముఖం కడుక్కుని బయటికొచ్చి క్యాబ్ ఎక్కింది. కేపీహెచ్‌బీ అని చెప్పబోయిన నోరు మదీనాగూడ అని చెప్పింది.

భాగ్యమ్మ శ్మశానంలోనే ఉంది. వానకి జారిన మట్టిని అరచేతులతో పైకి ఎగదోసి గట్టిగా తడుతోంది. చప్పుడుకి తలెత్తింది.

"ఆఫీసు లేదా బిడ్డా ఇయ్యాల?"

ఉదయశ్రీ చెప్పులు విప్పింది. భాగ్యమ్మ ఆమె కళ్ళు చూసింది. తడుతున్న చేతులు ఆగాయి.

"ముందుగాల నా కాడికే వచ్చినవంటే," అంది మెల్లగా, "గీడున్నది నా కొడుకు కాదన్నట్టు."

ఉదయశ్రీ తల ఊపింది.

భాగ్యమ్మ ఏడవలేదు. మట్టి మీంచి చేతులు తియ్యలేదు కూడా. కొంతసేపయ్యాక అడిగింది.

"నీ మొగడు బీడీ తాగుతుండెనా?"

"లేదత్తమ్మా." ఆ పిలుపు తనకి తెలియకుండానే వచ్చింది.

"నేను నెలనెలా ఎలిగించి పెట్టిన. కల్లు గూడ పోసిన. పాపం, పోరన్ని ఎంత పరేషాన్ జేసిన్నో." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. "మరి నా కొడుకు? గుట్టకింద రాయి కాడున్నోడు నావోడే గద? గిన్నేండ్లల వాని కాడికి ఎవరన్న పోయిండ్రా?"

ఎవరూ వెళ్ళలేదు. ఆ రాయి గుట్ట కింద ఏ మూలన ఉందో కూడా ఉదయశ్రీకి తెలియదు. ఆమె వెళ్ళి భాగ్యమ్మ పక్కన బురదలో కూర్చుంది.

"మా ఆయనకు ఇప్పుడే జెప్పకు," అంది భాగ్యమ్మ. "చెయ్యి పట్టి ఎర్కపట్టిన అనుకుంట బతుకుతుండు. మీ అత్తకు ఫోన్ కలుపు."

ఉదయశ్రీ కలిపి ఇచ్చింది. అవతల కనకలక్ష్మి గొంతు వినిపించింది. "ఉదయా? ఎక్కడున్నావమ్మా?"

"నేనక్కా, భాగ్యమ్మను."

ఫోన్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఏ వేళకి వచ్చిందో కనకలక్ష్మికి అర్థమైనట్టుంది. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండిపోయారు. వాన మళ్ళీ అందుకుంది.

"నీ కొడుకు నా కాడ మంచిగనే ఉన్నడక్కా," అంది భాగ్యమ్మ. "గిన్నేండ్లు మంచిగనే చూసుకున్న. ఇగ తీస్కపో."

ఫోన్‌లోంచి చిన్నగా, తెగిపోతున్నట్టు ఏడుపు వినిపించింది. భాగ్యమ్మ అది తగ్గేదాకా ఆగింది.

"నా కొడుకొక్కడే ఉన్నడు గుట్టకాడ. చూడనికి పోవాలె," అంది. "నాతోని వస్తవా?"